పాత బైపాప్ స్థానంలో కొత్తది ఎంచుకునే పద్ధతి

నిద్రలో శ్వాస సరిగ్గా ఆడనివారికి మాస్క్ ద్వారా, పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో గాలినిచ్చే బైపాప్ యంత్రం చెప్పాపెట్టకుండా ఆగిపోవడం అరుదు. మోటారు చప్పుడు క్రమంగా పెరుగుతుంది, గాలిలో సన్నని ఈల వినిపిస్తుంది, మాస్క్ సరిగ్గానే ఉన్నా గాలి చాలడం లేదనిపిస్తుంది, చాలాకాలంగా లేని పగటి మగత మళ్లీ మొదలవుతుంది. కొన్ని యంత్రాలు మోటారు ఆయుష్షు తీరిందని తెరపైనే చెబుతాయి. రెస్‌మెడ్ సంస్థ తన ఎయిర్‌కర్వ్ 10 బైపాప్ శ్రేణికి 5 సంవత్సరాల ఆయుర్దాయాన్ని నిర్దేశించింది. రాత్రికి 8 గంటల చొప్పున లెక్కవేస్తే అది 14,600 గంటలు. ఆ గడువు దాటిన మరునాడే యంత్రం ఆగిపోతుందని కాదు గానీ, ఆగిన రోజున పరుగులు తీయడం కంటే అది నడుస్తుండగానే కొత్తదాన్ని నిర్ణయించుకోవడం మేలు. కొత్త యంత్రం ఎంపికకు కావలసిన సమాచారంలో చాలా భాగం పాత యంత్రంలోనే ఉంటుంది, అది పూర్తిగా మూగబోతే ఆ సమాచారాన్ని బయటికి తీయడం కష్టమవుతుంది.

ఒక సందర్భంలో మాత్రం గడువు కోసం ఎదురుచూడకూడదు. శబ్దం తగ్గించడానికి యంత్రం లోపల అమర్చిన పాలియురెథేన్ ఫోమ్ పొడిపొడిగా రాలి గాలి మార్గంలోకి చేరే ప్రమాదం ఉందని చెప్పి, ఫిలిప్స్ సంస్థ 2021 జూన్‌లో డ్రీమ్‌స్టేషన్ మొదటి తరంతో సహా అనేక సీపాప్ (పీల్చినా వదిలినా ఒకే ఒత్తిడి ఇచ్చేవి), బైపాప్ యంత్రాలను వెనక్కి పిలిచింది. అధిక వేడి, అధిక తేమ, ఓజోన్‌తో శుభ్రం చేయడం ఆ ఫోమ్‌ను మరింత త్వరగా పాడుచేస్తాయని కూడా ఆ ప్రకటనలోనే ఉంది. మన కోస్తా జిల్లాల వేసవిలో మొదటి రెండూ ఎలాగూ ఉంటాయి. ఇంట్లో ఉన్నది ఆ కాలపు యంత్రమైతే అడుగున ఉన్న సీరియల్ నంబరును కంపెనీ వద్ద సరిచూసుకుని, ఫలితాన్ని వైద్యునికి తెలపాలి. వైద్యుణ్ణి అడగకుండా దానిని ఒక్కసారిగా మానేయడం కూడా సరి కాదు.

రెండు అంకెల చీటీ చాలదు

మా అమ్మ విషయంలో జరిగినదాన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ వ్యాసం రాయడానికి అదే కారణం. గుంటూరులో ఉండే అమ్మ ఏడేళ్లపాటు ఒకే బైపాప్ వాడింది. అది మొరాయించినప్పుడు మా దగ్గర ఫైలులో ఉన్నది ఒకే ఒక చీటీ. అందులో "ఐపాప్ 18, ఈపాప్ 9" అని మాత్రమే ఉంది. ఐపాప్ అంటే ఊపిరి పీల్చేటప్పుడు యంత్రం ఇచ్చే ఒత్తిడి, ఈపాప్ అంటే వదిలేటప్పుడు నిలిపి ఉంచే తక్కువ ఒత్తిడి. రెండింటినీ సెంటీమీటర్ల నీటి పీడనంలో కొలుస్తారు. కొత్త యంత్రం తెచ్చిన డీలరు మనిషి ఆ చీటీ చూసి, మామూలు ఎస్ మోడ్‌లో 18 మీద, 9 మీద అంకెలు పెట్టి, మాస్క్ తొడిగి, గాలి వస్తోందని చూపించి వెళ్లిపోయాడు.

మొదటి రాత్రి నుంచే అమ్మకు నిద్ర లేదు. "గాలి కడుపులోకి తోసుకొచ్చేస్తోందిరా, ఇంతలోనే ఊపిరి మర్చిపోయినట్టు ఉలిక్కిపడి లేస్తున్నాను" అంది. నాలుగో రాత్రి నేను మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బైపాప్ చప్పుడు రెండు స్థాయిల్లో ఉంటుంది: పీల్చినప్పుడు హుస్సుమని పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. పది పన్నెండు శ్వాసలు అలా సాగాక చప్పుడు తక్కువ స్థాయిలోనే నిలిచిపోయింది. అమ్మ ఛాతీ కదలలేదు, గురక లేదు, మూసుకున్న గొంతుతో పెనుగులాట లేదు. చేతి గడియారంలో పద్నాలుగు సెకన్లు లెక్కపెట్టాను. ఆ తరువాత ఒక్క ఉదుటున పెద్ద ఊపిరి తీసుకుని కళ్లు తెరిచింది. పాత యంత్రంలో గంటకు రెండు, మూడుకు మించని శ్వాస ఆటంకాల లెక్క కొత్త యంత్రం తెరపై 19 అని కనిపించింది.

కారణం చాలా చిన్నది. పాత యంత్రం ఆటో బైలెవెల్ మోడ్‌లో ఉండేది. అందులో ఈపాప్ కనీసం 9, ఐపాప్ గరిష్ఠం 18, రెండింటి మధ్య తేడా 5 అని అమర్చి ఉంది. అంటే అమ్మకు రాత్రి 14, 9 తో మొదలై, గొంతు మూసుకుపోయే కొద్దీ రెండు అంకెలూ కలిసి పైకి వెళ్లేవి, తేడా మాత్రం ఎప్పుడూ 5 దాటేది కాదు. చీటీలోని 18, 9 అనేవి ఆ పరిధికి ఉన్న రెండు కొసలు. వాటిని స్థిరమైన ఒత్తిళ్లుగా పెట్టేసరికి తేడా ఒక్కసారిగా 9 అయింది. ప్రెజర్ సపోర్ట్ అని పిలిచే ఈ తేడాయే ప్రతి శ్వాసలో ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలి పరిమాణాన్ని పెంచుతుంది. అది అవసరానికి మించితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, శ్వాస తీయమని మెదడు ఇచ్చే ఆజ్ఞ కాసేపు ఆగిపోతుంది, గొంతు తెరిచే ఉన్నా ఊపిరి ఆడదు. ఎస్ మోడ్‌లో యంత్రం రోగి శ్వాస మొదలుపెట్టేవరకూ వేచి ఉంటుందే తప్ప తానుగా శ్వాస ఇవ్వదు. వైద్యుడు పాత మోడ్‌ను, పాత తేడాను తిరిగి పెట్టించిన వారం రోజుల్లో లెక్క మళ్లీ 3 లోపుకు వచ్చింది. యంత్రంలో లోపమేమీ లేదు. యంత్రాన్ని మార్చాము గానీ దానితో రావలసిన అమరికను తెచ్చుకోలేదు.

అందువల్ల కొత్తది చూడడానికి వెళ్లే ముందే పాత యంత్రంలోని అమరిక మొత్తాన్ని రాసుకోవాలి, వీలైతే ప్రతి తెరనూ ఫోనుతో ఫొటో తీసుకోవాలి. మోడ్ పేరు, కనీస ఈపాప్, గరిష్ఠ ఐపాప్, ప్రెజర్ సపోర్ట్, పీల్చే సమయానికి ఉన్న కనిష్ఠ గరిష్ఠ పరిమితులు, ట్రిగ్గర్, సైకిల్ అనే సున్నితత్వాలు, ఎస్‌టీ మోడ్ అయితే నిమిషానికి ఎన్ని శ్వాసలు అనే బ్యాకప్ రేటు, మాస్క్ రకం, తేమ స్థాయి, ర్యాంప్ సమయం (తక్కువ ఒత్తిడితో మొదలై అసలు ఒత్తిడికి చేరే వ్యవధి), వీటిలో ఏదీ వదలకూడదు. ట్రిగ్గర్ అంటే మీరు పీల్చడం మొదలుపెట్టారని యంత్రం ఎంత తొందరగా గుర్తిస్తుందో, సైకిల్ అంటే మీరు పీల్చడం ముగించారని ఎంత తొందరగా గుర్తిస్తుందో చెప్పేవి. శ్వాసనాళాలు ఇరుకైన సీఓపీడీ రోగులకు ఊపిరి వదలడానికి ఎక్కువ సమయం కావాలి కాబట్టి వారి విషయంలో ఈ చివరి అమరికలే సుఖనిద్రకూ నరకానికీ మధ్య తేడా. ఎయిర్‌కర్వ్ 10 లో హోమ్ బటన్‌ను, తిప్పే డయల్‌ను కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఈ అమరికల పుట తెరుచుకుంటుంది. తెరిచేది చూసి రాసుకోవడానికే, మార్చడానికి కాదు. మిగతా కంపెనీల యంత్రాల్లో ఎలా తెరవాలో తెలియకపోతే డీలరునో స్లీప్ ల్యాబ్ టెక్నీషియన్‌నో అడగవచ్చు. యంత్రంలో ఎస్‌డీ కార్డు ఉంటే దానిని తీసి ఇంట్లో కంప్యూటరులోకి కాపీ చేసి భద్రపరచండి. ఆస్కార్ అనే ఉచిత ప్రోగ్రాములో ఆ కార్డును తెరిస్తే ఒక్కో రాత్రి ఒక్కో శ్వాస ఎలా సాగిందో కూడా చూడవచ్చు, వైద్యునికి చూపించవచ్చు.

ఇప్పటికీ అదే రకం సరిపోతుందా

పాత రకమే మళ్లీ కొనాలనేది సహజమైన ఆలోచన, చాలామందికి అదే సరైనది కూడా. అయితే బైపాప్ మొదట ఎందుకు రాశారో ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోవాలి. సీపాప్ 15 సెంటీమీటర్లకు చేరినా శ్వాస ఆటంకాలు ఆగకపోవడం వల్లనా, ఎక్కువ ఒత్తిడికి ఎదురుగా ఊపిరి వదలలేకపోవడం వల్లనా, లేక స్థూలకాయం వల్ల పగటిపూట కూడా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్లనా అన్నదాన్ని బట్టి కావలసిన యంత్రం మారుతుంది. మొదటి రెండు కారణాలైతే 25 సెంటీమీటర్ల వరకు ఇచ్చే ఎస్ మోడ్ లేదా ఆటో బైలెవెల్ సరిపోతుంది. మూడో కారణమైతే బ్యాకప్ రేటు ఉన్న ఎస్‌టీ యంత్రమో, నిర్ణీత గాలి పరిమాణాన్ని లక్ష్యంగా పెట్టుకుని ఒత్తిడిని తానే సవరించుకునే రకమో అవసరం కావచ్చు. ఇక్కడ రెండు వైపులా తప్పు జరుగుతుంది. ధర తక్కువని సీపాప్‌తో సరిపెట్టుకునేవారు ఉన్నారు, ఖరీదైనదైతే మంచిదనుకుని అవసరం లేని ఎస్‌టీ యంత్రం కొని, తన లయలో కాక యంత్రం లయలో ఊపిరి తీయవలసి వచ్చి ఇబ్బంది పడేవారూ ఉన్నారు.

ఏఎస్‌వీ అనే రకం గురించి విడిగా హెచ్చరించాలి. మెదడు ఆజ్ఞ ఆగిపోవడం వల్ల వచ్చే సెంట్రల్ ఆప్నియాకు దీనిని వాడతారు. 2015 లో వెలువడిన సర్వ్ హెచ్ఎఫ్ అధ్యయనంలో, గుండె పంపింగ్ శక్తి 45 శాతం లేదా అంతకంటే తక్కువ ఉన్న హృద్రోగుల్లో దీని వాడకం వల్ల గుండె సంబంధిత మరణాలు పెరిగినట్లు తేలింది. కాబట్టి ఎవరైనా దీనిని సూచిస్తే ఇటీవలి ఎకో పరీక్ష చూడకుండా ఒప్పుకోవద్దు.

బరువు బాగా పెరిగినా తగ్గినా, మధ్యలో గుండెజబ్బో పక్షవాతమో వచ్చినా, నొప్పికి ఓపియాయిడ్ మందులు మొదలుపెట్టినా పాత అంకెలు పాతబడినట్టే. అప్పుడు కొత్త స్లీప్ స్టడీ (నిద్ర పరీక్ష), టైట్రేషన్ (తగిన ఒత్తిడిని పరీక్షించి నిర్ణయించడం) చేయించుకున్నాకే కొనాలి. పగలు కూడా ఆయాసం, ఉదయం తలనొప్పి ఉంటే రక్తంలో వాయువుల పరీక్ష కూడా అడగాలి. ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఉంది కదా, బైపాప్ వచ్చేదాకా దానితో నెట్టుకొద్దామనే ఆలోచన మన ఇళ్లలో కోవిడ్ కాలం నుంచి తరచుగా వినిపిస్తోంది. ఆక్సిజన్ మూసుకున్న గొంతును తెరవదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకునే రోగిలో దానిని మరింత పెంచగలదు. యంత్రం లేని రాత్రులకు వైద్యుణ్ణి అడిగి అద్దె యంత్రం తెచ్చుకోవడం, పక్కకు తిరిగి తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం, మద్యం, నిద్రమాత్రలు మానడం మేలు.

కంపెనీ మారితే

ఆటో బైలెవెల్ అని రెండు కంపెనీలు రాసినా లోపలి పద్ధతి ఒకటి కాదు. రెస్‌మెడ్ వీఆటోలో ప్రెజర్ సపోర్ట్ ఒకే అంకెగా స్థిరంగా ఉంటుంది. ఫిలిప్స్ బైపాప్ ఆటోలో ఈపాప్, ఐపాప్ విడివిడిగా కదులుతాయి, తేడా ఒక కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య మారుతుంది. కాబట్టి ఫిలిప్స్ నుంచి రెస్‌మెడ్‌కు వచ్చేవారు ఆ పరిధిలో ఏ అంకెను ఎంచుకోవాలో పాత కార్డులోని రాత్రుల లెక్క చూసి వైద్యుడు చెప్పాలి, డీలరు ఊహతో పెట్టకూడదు. లీక్ అంకెలను కూడా పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మాస్క్ రంధ్రాల నుంచి ఎప్పుడూ పోవలసిన గాలిని మినహాయించి, అనవసరంగా పోయే గాలిని మాత్రమే రెస్‌మెడ్ చూపిస్తుంది, అది నిమిషానికి 24 లీటర్ల లోపు ఉండాలని అంటుంది. ఫిలిప్స్ మొత్తం లీక్‌ను చూపిస్తుంది. ఒకదానిలో 30 అంటే మాస్క్ సరిచేయాలి, మరొకదానిలో 30 అంటే అంతా బాగానే ఉన్నట్టు కావచ్చు.

లోవెన్‌స్టైన్, బీఎంసీ యంత్రాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. ధర తక్కువైన యంత్రాన్ని నేను తీసిపారేయను. కానీ ట్రిగ్గర్, సైకిల్, పీల్చే సమయం మార్చే వీలుందా, రాత్రివారీ వివరాలు కార్డులో నిలుస్తాయా, నీటి తొట్టి, ఫిల్టర్, అడాప్టర్ మీ ఊరికి రెండు మూడు రోజుల్లో తెప్పించగలరా అన్న మూడు ప్రశ్నలకు స్పష్టమైన జవాబు దొరికితేనే దానిని పరిగణించండి. పాత మాస్క్ సాధారణంగా కొత్త యంత్రానికి పనికొస్తుంది, ఎందుకంటే ట్యూబ్ చివర కొలత 22 మిల్లీమీటర్లని అందరూ పాటిస్తారు. వేడి ట్యూబ్, నీటి తొట్టి, అడాప్టర్ మాత్రం ఒకే కంపెనీలో కూడా మారిపోతాయి. రెస్‌మెడ్ 10 శ్రేణివి 11 శ్రేణికి సరిపోవు.

మన ఇంటి కరెంటు, నీళ్లు, దుమ్ము

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో కొనక ముందే తెలుసుకోవాలి. ఎయిర్‌కర్వ్ 10 అడాప్టర్ మీద 24 వోల్టులు, 90 వాట్లు అని ఉంటుంది. అది గరిష్ఠం మాత్రమే, అందులో ఎక్కువ భాగం నీటిని, ట్యూబును వేడిచేయడానికే పోతుంది. గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫైయర్ ఆపితే మోటారుకు కావలసినది చాలా తక్కువ. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్ రకమా అని చూసుకోండి. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు ఇలాంటి సున్నితమైన అడాప్టర్లకు మంచివి కావు. డీలరు ఇంటికి వచ్చిన రోజున, యంత్రం నడుస్తుండగా మెయిన్ స్విచ్ కట్టేయించండి. ఇన్వర్టర్‌కు మారే ఆ క్షణంలో యంత్రం ఆగకుండా సాగుతుందా, ఆగి తానే మళ్లీ మొదలవుతుందా, లేక బటన్ నొక్కేవరకు పడి ఉంటుందా అన్నది నిద్రలో ఉన్న మనిషికి చాలా పెద్ద తేడా.

బోరు నీళ్లు పోస్తే తొట్టి అడుగున తెల్లని చార పేరుకుంటుంది. ఆర్వో నీళ్లు కొంత నయమే కానీ డిస్టిల్డ్ వాటర్‌తో సమానం కాదు. బ్యాటరీల దుకాణంలో అమ్మే నీటిని మాత్రం పోయవద్దు, అది పీల్చే గాలిలో కలిసేందుకు తయారుచేసినది కాదు. మందుల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్ వాడి, ప్రతి ఉదయం మిగిలిన నీటిని పారబోసి తొట్టిని ఆరబెట్టండి. ఏసీ గదిలో పడుకునేవారికి ట్యూబులో నీరు చేరి ముక్కులోకి చిమ్ముతుంది, వారికి వేడి ట్యూబ్ కోసం పెట్టే ఖర్చు వృథా కాదు. ఏసీ లేకుండా తీరప్రాంతంలో ఉండేవారికి వర్షాకాలంలో తేమ చాలా తగ్గించినా సరిపోతుంది. ఫిల్టరును 6 నెలలకోసారి మార్చమని పుస్తకంలో రాస్తారు గానీ, రోడ్డు పక్క ఇంట్లో నెలకే నల్లబడుతుంది.

కొనేటప్పుడు

పెట్టెపై దిగుమతి లైసెన్సు నంబరు, దిగుమతిదారు చిరునామా ఉన్నాయా చూడండి. 2017 వైద్య పరికరాల నిబంధనల ప్రకారం అవి ఉండాలి. బిల్లుపై సీరియల్ నంబరు రాయించుకుని, యంత్రంపై ఉన్నదానితో సరిచూడండి. యంత్రాన్ని ఆన్ చేసి, ఇప్పటిదాకా నడిచిన గంటలు ఎన్నో మీ ముందే చూపించమనండి. కొత్తదని చెప్పిన యంత్రంలో అంకె వందల్లో ఉంటే అది ప్రదర్శనకో అద్దెకో తిరిగినదని అర్థం. 2021 రెండో వేవ్‌లో ఇళ్లలో కొన్న బైపాప్‌లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. వాటిలో మంచివి లేవని కాదు, కానీ గంటల లెక్క, సీరియల్ నంబరు చూడకుండా, సిగరెట్ పొగ వాసన ఉందేమో గమనించకుండా, కంపెనీ వెనక్కి పిలిచిన రకం కాదని నిర్ధారించుకోకుండా తీసుకోకూడదు. వాడిన మాస్క్, ట్యూబ్ అసలే వద్దు.

డల్లాస్‌లో ఉన్న తమ్ముడు అక్కడి నుంచే పంపిస్తానన్నాడు. ఇలాంటి ప్రతిపాదన చాలా ఇళ్లలో వస్తుంది. అక్కడి అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి కాబట్టి కరెంటు సమస్య కాదు. అయితే అక్కడ కొనడానికి డాక్టరు చీటీ కావాలి, వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు, యంత్రంలోని మోడెమ్ ఇక్కడి నెట్‌వర్క్‌తో కలవకపోతే వైద్యునికి దూరం నుంచి వివరాలు అందవు. యంత్రం మొదటి నెలలోనే ఇబ్బంది పెడితే ఎవరు చూస్తారన్న ప్రశ్నకు మా దగ్గర జవాబు లేక ఇక్కడే కొన్నాము. తల్లిదండ్రులు అక్కడికి వెళ్లి వచ్చేటప్పుడు మాత్రం యంత్రాన్ని తొట్టి ఖాళీ చేసి చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్ ఇన్ పెట్టెలో వేయకూడదు.

ఇంట్లో వాడే ఇలాంటి పరికరాల ఖర్చును చాలా ఆరోగ్య బీమా పాలసీలు చెల్లించవు, అందుకే పాలసీలోని మినహాయింపుల జాబితా చదవాలి. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం పరిధిలోని ఉద్యోగులు, పెన్షనర్లు ముందుగా అనుమతి తీసుకుంటే నిర్ణీత పరిమితి మేరకు తిరిగి పొందవచ్చు. కొన్న తరువాత అడిగితే ఇబ్బంది.

ధర మాట్లాడేటప్పుడే ఒక వారం అద్దెకు ఇచ్చి, నచ్చితే ఆ అద్దెను ధరలో తగ్గించమని అడగండి. ఆ వారంలో రోజూ ఉదయం నాలుగు విషయాలు నోటుపుస్తకంలో రాయండి: గంటకు శ్వాస ఆటంకాల లెక్క, అందులో సెంట్రల్ ఎన్ని, లీక్ ఎంత, లేవగానే మనిషికి ఎలా ఉంది. లెక్క 5 లోపు ఉండాలి. పాతదానిలో కనిపించని సెంట్రల్ అంకెలు కొత్తదానిలో పెరిగితే ఆలస్యం చేయకుండా వైద్యునికి చెప్పాలి. అంకెలు బాగానే ఉండి మనిషికి బాగా లేకపోతే మనిషి మాటే వినాలి, ట్రిగ్గర్‌లోనో సైకిల్‌లోనో తేడా ఉండి ఉంటుంది.

పాత యంత్రం కంపెనీ వెనక్కి పిలిచినది కాకపోతే, ఇంకా కొంతైనా పనిచేస్తుంటే దానిని వెంటనే మార్పిడికి ఇచ్చేయకండి. మా ఇంట్లో అది అమ్మ మంచం కింద, తొట్టి పూర్తిగా ఆరబెట్టి, అడాప్టర్‌తో సహా ఒకే సంచిలో ఉంది. సంచి లోపల దాని అమరిక మొత్తం రాసిన కాగితం మడిచి పెట్టాను, అదే కాగితం నకలు కొత్త యంత్రం అడుగున అంటించాను.